ముట్టకుండ దాచిన బడి

ఇప్పలగుంపు,
జూన్ నెల.

అల్లుడు రవీందర్‌కు మీ మామ సీతయ్య దీవెనలు.

ఇక్కడ అందరం బాగనే ఉన్నం. మీ అమ్మ కాళ్ల నొప్పులు ఎట్లున్నయో రాయి. చిన్నప్పుడు నా చెల్లె నాకన్న జోరుగ గుట్టెక్కేది.

నిన్ను ఎప్పుడు ఏం అడగలే. అడుగుడు నాకు చేతగాదు. ఇప్పుడు అడగాల్సి వచ్చింది. ఫోన్ చేద్దమంటే సిగ్నల్ కోసం గుట్టెక్కాలె. ఎక్కినంక నాకు మాట రాదు. పోయిన ఏడు గుట్టెక్కి నీకు ఫోన్ చేసి, "ఆఁ... ఆఁ..." అని దిగి వచ్చిన. అందుకే ఉత్తరం. మా బడి టీచరమ్మ చండ్రుగొండల పోస్టు డబ్బాల వేస్తనన్నది.

మా బడి సంగతి. ఉన్నది ఒక్కటే గది. పైన రేకులు పగిలినయి. వాన పడితే పిల్లలు గోడకు అతుక్కొని నిలబడతరు. హేమలత టీచరమ్మ మంచిది. చండ్రుగొండ నుంచి స్కూటీ మీద వస్తది. మా భాష నేర్చుకున్నది. పిల్లలకు ముందు మా భాషల చెప్పి, తర్వాత తెలుగుల చెప్తది. కాని వానలకు సగం మంది రారు. పిల్లలు తగ్గితే బడి ఎత్తేస్తరట.

మనవరాలు భవాని రెండో తరగతికి వచ్చింది. కూడబలుక్కొని చదువుతది. బడి పోతే దాన్ని హాస్టల్‌కు పంపాలె. ఏడేండ్ల పిల్ల. ఇంకా నా చెద్దరు కొస పట్టుకొనే పంటది.

నువ్వు బడుల ఆఫీసుల ఉన్నవు. ఆ రేకులు వేయించు. అంతే.

ఉంట,
సీతయ్య

తా.క. పెద్దసార్లకు ఏమన్న ఇయ్యాల్సి వస్తే నా దగ్గర మేకలు తప్ప ఏం లేవు. అవి కూడ నా మాట వినవు.

*

ఖమ్మం,
జూన్ ఆఖరు.

మామకు రవీందర్ దండాలు.

నీ ఉత్తరం చూసి అమ్మ ఏడ్చింది. "మా అన్న ఇన్ని మాటలు జన్మల మాట్లాడలే" అన్నది.

మామా, నువ్వు రేకులు అడిగినవు. నేను రేకులు అడగలే. రేకులు అడిగితే రేకులే వస్తయి. నేను లెర్నింగ్ ఎన్విరాన్‌మెంట్ అడిగిన! మా ఆఫీసుల "చక్కని బడి" అని ఒక స్కీమ్ వచ్చింది. అంటే ఏందంటే, పిల్లల చుట్టూ ఉన్న గోడ, కిటికీ, కుర్చీ అన్నీ పాఠం చెప్పాలె. గది ఎంత బాగుంటే చదువు అంత బాగుంటది. మా మురళీకృష్ణ సార్ ల్యాప్‌టాప్‌ల గీత గీసి చూపెట్టిండు. గది అందం పెరిగిన కొద్ది పిల్లల మార్కులు గుట్ట లెక్క పైకి పోతున్నయి. ఇప్పలగుంపు పేరు లిస్టుల ఎక్కించిన. రేకులు, సున్నం, రంగులు, అన్నీ వస్తయి.

ఒక్కటే మాట. టీం వచ్చి చూసి మార్కులు వేసేదాక గోడకు మరక పడొద్దు. ఎవరు ఏదీ ముట్టొద్దు. పెద్దలను కూసోబెట్టి గట్టిగ చెప్పు.

నీ అల్లుడు,
రవీందర్

తా.క. నన్ను పర్మనెంట్ చేసే ఫైల్ కూడ ఈ సార్ దగ్గరనే ఉన్నది. అది వేరే సంగతి.

*

ఇప్పలగుంపు,
ఆగస్టు.

అల్లుడా, దీవెనలు.

గది అయ్యింది. కురుస్తలేదు. గోడలకు బొమ్మలు వేసిండ్రు. ఒక గోడకు సముద్రం, ఓడ. ఒక గోడకు అక్షరాలు. ఇంకో గోడకు అడవి. మన అడవి కాదు, వేరేది. పులి నవ్వుతున్నది. మెడ పొడుగు జంతువు ఒకటి ఉన్నది. ముత్తక్క చూసి, "పాపం, ఎవలో తాడు కట్టి గుంజిండ్రు" అన్నది.

నీ మాట గుంపుల చెప్పిన. నలుగుట్ల నిలబడి మాట్లాడుడు నాకు అదే మొదలు. చెమటలు పట్టినయి. దూలయ్య మాత్రం జల్దీ అర్థం చేసుకున్నడు. ఆయన పూజారి కదా. "గిది మనకు తెల్వని సంగతా? కొత్తల పండుగ లెక్కనే" అన్నడు. మామిడికాయ గాని చిక్కుడుకాయ గాని, ఊరి తల్లికి పెట్టకముందు మనం నోట్ల వేస్తమా? గదికి కూడ గంతే. కట్టించినోళ్లు రావాలె. వాళ్ల చేత్తోటి తల్లికి కోడిని మొక్కాలె. మొదటి అడుగు వాళ్లు వేయాలె. అప్పటిదాక ఎవలు గడప దాటొద్దు.

గుమ్మానికి మామిడాకుల తోరణం అడ్డం కట్టిండు. ఒక కోడిని తల్లికని మొక్కుకొని గంప కింద దాచినం.

టీచరమ్మ, "పిల్లలను లోపల కూసోబెడితే ఏమైతది?" అన్నది. నీ ఉత్తరం చూపెట్టిన. "మార్కుల సంగతా" అని ఊకున్నది. పిల్లలు బయట అరుగు మీద కూసుంటున్నరు. జల్లు కొడితే నా మేకల కొట్టంల.

సార్లను జల్దీ రమ్మను.

సీతయ్య

తా.క. భవాని కిటికీల నుంచి అక్షరాల గోడ మీద "అ" చూసి వచ్చింది. "ఆ" కనపడ్తలేదట. బీరువా అడ్డం పెట్టిండ్రట.

*

ఖమ్మం,
ఆగస్టు ఆఖరు.

మామా!

నువ్వు మామూలోనివి కాదు. మిగిలిన ఊర్లల్ల ఏమైందో తెలుసా? ఒక బడిల ఓడ మీద పిల్లలు పేర్లు రాసుకున్నరు. ఇంకో బడిల పులికి మీసాలు పెట్టిండ్రు. సార్ నెత్తి కొట్టుకున్నడు. నేను లేచి, "సార్, మా మామ ఊర్ల గోడ ఇంకా అద్దం లెక్క ఉన్నది" అన్న. మీటింగ్‌ల అందరు చప్పట్లు కొట్టిండ్రు.

తోరణం సంగతి చెప్తే సార్ చాన సంతోషపడ్డడు. "స్వాగతం చెప్పుడు వాళ్ల రక్తంలనే ఉంటది" అన్నడు. కోడి సంగతి కూడ చెప్పిన. "నాకోసం ఖర్చు పెట్టుకోవద్దని చెప్పు, శనివారం నేను తినను" అన్నడు. శనివారం కాకుండ నేను చూసుకుంట, నువ్వు రంది పడకు.

మీ గది ఇంత భద్రంగ ఉన్నదని ఇంకా సామాన్లు పంపుతున్నం. రంగు రంగుల చిన్న కుర్చీలు, బొమ్మలు, కథల పుస్తకాలు. వాటిని కూడ గట్లనే కాపాడు.

రవీందర్

తా.క. మేకల కొట్టం సంగతి మాత్రం సార్‌కు చెప్పలే. పరువు సంగతి.

*

ఇప్పలగుంపు,
సెప్టెంబరు.

అల్లుడా, దీవెనలు.

సామాన్లు వచ్చినయి. దూలయ్య గడప దాటనియ్యలే. తెచ్చినోళ్లు కిటికీ ఊచలు తీసి లోపలికి దించిండ్రు. మళ్ల బిగించిండ్రు. పిల్లలు ఊచలు పట్టుకొని చూస్తున్నరు. ఎర్ర కుర్చీ నాదంటే నాదని కొట్లాట. కుర్చీల ఎవలు కూసోలే, దెబ్బలు మాత్రం తాకినయి.

వానలు ఆగుతలేవు. అందరు నా కొట్టంలనే. మేక రెండో తరగతి తెలుగు పుస్తకం తిన్నది. ఆరో పాఠం దాక. నేను తల దించుకున్న. టీచరమ్మ, "పోనీండి, సిలబస్ కూడ అక్కడిదాకనే వచ్చింది" అన్నది.

యశోద తన పిల్లలిద్దరిని కారేపల్లిల అక్క ఇంటికి పంపింది. "పెదనాయనా, ఈ బడి చదువుకునేటందుకా, చూసుకునేటందుకా?" అని అడిగింది. నేను మేకల దిక్కు చూసిన. ఇంకో రెండిండ్లోళ్లు కూడ పంపుతమంటున్నరు.

దూలయ్యకు కూడ రంది పట్టుకున్నది. "మన కొత్తలు పొద్దుగాల మొదలు పెడితే పొద్దూకకముందే అయితది. వీళ్ల కొత్తలు ఎన్ని నెలలు?" అంటున్నడు. మనమే మొక్కుదమంటే ఒప్పుకోడు. గది సర్కారుది, సర్కారు చెయ్యి పడాలె అంటడు.

సార్‌కు సరిగ చెప్పు. కోడి తినేటందుకు కాదు. మొక్కేటందుకు. పట్టుకొని ఒక్క మాట అని, లోపలికి అడుగు వేస్తే చాలు. పిల్లలు ఉరుకుతరు.

సీతయ్య

తా.క. గంప కింద కోడి పొదిగి పిల్లలను చేసింది. బడిల తగ్గుతున్నరు. గంప కింద పెరుగుతున్నరు.

*

ఖమ్మం,
అక్టోబరు.

మామకు దండాలు.

నా గుండె ఆగినంత పని అయ్యింది. నీ ఉత్తరం టేబుల్ మీద మరిచి చాయ్ తాగ పోయిన. వచ్చేసరికి సార్ చదువుతున్నడు. మేకల కొట్టం అంత చదివిండు. నా ఫైల్ పని అయిపోయింది అనుకున్న.

సార్ కండ్లల్ల నీళ్లు, మామా! "రవీందర్, మేకల నడుమ చదువు! మనం పుస్తకాలల్ల రాసుకుంటం, వాళ్లు చేసి చూపెడ్తున్నరు" అన్నడు. దానికి వేరే మార్కులు ఉన్నయట. మేకలు పాఠాలల్ల ఎట్ల సాయం చేస్తున్నయో నాలుగు లైన్లు రాసి పంపు. పుస్తకం తిన్నది రాయకు.

మిగిలింది చదవకముందే సార్‌కు ఫోన్ వచ్చింది. కోడి సంగతి నేను చెప్దమనుకున్న. కాని ఆయన అంత సంతోషంల ఉన్నప్పుడు, "మీరు కోడిని పట్టుకోవాలె సార్" అని ఎట్ల అనాలె?

టీం దీపావళి పోయినంక వస్తది. ఆ దినం పిల్లలు యూనిఫాం వేసుకొని లోపల కూసోవాలె. ఏదీ ముట్టొద్దు. చదువుకుంటున్నట్టు ఉండాలె.

రవీందర్

తా.క. వాళ్లు వచ్చినప్పుడు నువ్వు ఏం మాట్లాడకు మామా. నువ్వు మాట్లాడవని తెలుసు. అయినా చెప్తున్న.

*

ఇప్పలగుంపు,
నవంబరు.

అల్లుడా,

సార్లు వచ్చి పోయిండ్రు.

జీపు ఆగంగనే దూలయ్య నీళ్ల చెంబు పట్టుకొని ఎదురు పోయిండు. నేను కోడిని పట్టుకున్న. పిల్లలు గడప బయట వరసగ నిలబడ్డరు. సార్ చెప్పులిడిచి, తోరణం కింద నుంచి తొంగి చూసిండు. "అబ్బ!" అన్నడు. పిల్లల దిక్కు తిరిగి, "రండమ్మా, లోపలికి రండి" అన్నడు.

ఒక్కలు కదల్లే. మొక్కు కాలే కదా.

"రండి, భయం లేదు" అన్నడు. భవాని రెండు చేతులు ఎనుకకు పెట్టుకున్నది. సార్ పక్కనున్న మేడంతోటి, "చూసిండ్రా? పెద్దలు పోకముందు పిల్లలు పోరు. ఎంత క్రమశిక్షణ!" అన్నడు. మేడం రాసుకున్నది. గడప బయట నుంచే ఫోటోలు తీసిండ్రు. నేల మీద అడుగుల మచ్చ పడ్తదని వాళ్లు కూడ లోపలికి పోలే.

అప్పుడు నేను కోడిని సార్ చేతులల్ల పెట్టిన. చెప్పాల్సిన మాట పొద్దటి నుంచి నేర్చుకున్న. "సార్, తల్లికి మొక్కి అడుగు వేయండ్రి." గంతే. పెదవి దాక వచ్చింది. సార్, "అయ్యో, ఎంత ప్రేమ పెద్దాయనకు!" అని కోడిని డ్రైవర్‌కు ఇచ్చిండు. జీపు పోయింది. దుమ్ము పోయింది. నేను నోరు తెరుచుకొనే ఉన్న.

మొక్కుకున్న కోడి తల్లిదట. అది వాపస్ వచ్చేదాక ఇంకో కోడిని మొక్కొద్దట. తోరణం ఎండిపోతే దూలయ్య మళ్ల పచ్చిది కట్టిండు.

ఆ కోడిని ఎట్లన్న చేసి తీసుకరా. బతికి ఉంటే.

సీతయ్య

తా.క. తల్లికోడి పోయినంక దాని పిల్లలు కొట్టంల చదువుకునే పిల్లల ఒడిల కూసుంటున్నయి. హాజరు దూరం నుంచి చూస్తే మంచిగనే కనపడ్తది.

*

ఖమ్మం,
డిసెంబరు.

మామా, మిఠాయి పంచు!

ఇప్పలగుంపు ఫస్ట్! గోడలకు పూర్తి మార్కులు. నేలకు పూర్తి మార్కులు. కుర్చీల మీద గీత కూడ పడలేదని ప్రత్యేకంగ రాసిండ్రు. సార్ నా భుజం తట్టిండు. ఫైల్ ఒక టేబుల్ ముందుకు జరిగింది.

కోడి బతికే ఉన్నది. సార్ ఇంటి మేడ మీద తిరుగుతున్నది. ఆయన బిడ్డ దానికి పింకీ అని పేరు పెట్టి సోఫా మీద పండబెడ్తున్నది. నేను పోయి, "సార్, కోడి వాపస్" అంటే, ఫైల్ కూడ వాపస్ వస్తది. నన్ను ఇబ్బంది పెట్టకు.

ఇంకో శుభవార్త. హేమలత టీచర్‌ను ఖమ్మం పిలిపిస్తున్నం. గది గింత శుభ్రంగ ఎట్ల ఉంచాలె అని మిగిలిన టీచర్లకు ఆమె ట్రైనింగ్ ఇయ్యాలె. కొన్ని నెలలే.

జనవరిల పిల్లలకు చదువు పరీక్ష ఉన్నది. సార్‌కు రంది లేదు. "గది ఫస్ట్ అయితే పిల్లలు ఎక్కడికి పోతరు?" అన్నడు.

రవీందర్

తా.క. మేకల మీద నాలుగు లైన్లు ఇంకా పంపలే. సార్ రెండుసార్లు అడిగిండు.

*

ఇప్పలగుంపు,
జనవరి.

అల్లుడా,

పిల్లలు ఎక్కడికి పోతరని సార్ అడిగిండు. చెప్పు. కొందరు కారేపల్లి. కొందరు హాస్టల్. కొందరు అమ్మ నాయనల ఎంట మిర్చి చేన్లకు.

టీచరమ్మ పోయేనాడు స్కూటీ ఆపింది. "సీతయ్య గారూ, ఆ గదిల నేను ఒక్క పాఠం చెప్పలే. ఏం ట్రైనింగ్ ఇయ్యాలె?" అన్నది.

పరీక్షోళ్లు వచ్చినప్పటికి నలుగురే ఉన్నరు. భవాని "మేక" అన్న మాట ఒక్కటి చదివింది. అది కూడ బొమ్మ చూసి. జూన్ల అది ముక్క ముక్క కలిపి లైను లైను చదివేది.

నా కొడుకు మిర్చి ఏరే పనికి పోయేముందు దాన్ని హాస్టల్ల వేసి పోయిండు. పెట్టె నేనే సదిరిన. అది ఏడ్వలే. నేను లోపలికి పోయి చెద్దరు మడత పెట్టుకుంట కూసున్న. ఒక్క చెద్దరే. చాన సేపు మడత పెట్టిన.

ఇప్పుడు గుంపుల బడికి పోయే పిల్ల లేదు. కురిసే గదిలనే ఉంటే అది చదువుకునేది. నేను అడిగిన, పోయింది. అడుగుడు నాకు చేతగాదని మొదలే రాసిన కదా.

సీతయ్య

తా.క. ఏం లేదు.

*

ఖమ్మం,
ఫిబ్రవరి.

మామా,

నీ ఉత్తరం అమ్మకు చదివి వినిపించలే. నేను కూడ రెండుసార్లు చదవలే.

నిజం చెప్త. పిల్లలు సున్నా అని కంప్యూటర్ల ఎక్కింది. బడి మూయమని ఆర్డర్ తయారైంది. నేనే టైప్ చేసిన. ఫస్ట్ వచ్చిన బడి మూస్తే సార్ పరువు ఏం గావాలె? అందుకే ఆయనా నేనూ కూసొని ఉపాయం తీసినం. నీ బడి మూయరు మామా! ఖాయం. హేమలత టీచర్ కూడ వాపస్ వస్తది. బడి అంటూ ఉంటే భవానిని రేపన్న తెచ్చుకోవచ్చు కదా?

ఎట్లనో అడగకు. పూల్‌సింగ్ అని మా ఆఫీసు మనిషి కాగితం తెస్తడు. సంతకం పెట్టు. ఈ ఒక్కసారి నా మాట విను.

రవీందర్

తా.క. గడ్డం తీసుకో, ఫోటో ఉంటది. అంగీ కొలత కూడ రాసి పంపు. నీలం లాగు నీ సైజుల దొరుకుతలేదు, కుట్టించాలె.

*

ఇప్పలగుంపు,
మార్చి.

అల్లుడు రవీందర్‌కు దీవెనలు.

పూల్‌సింగ్ వచ్చిండు. బడి ఉంటదన్నవు కదా, చదవకుంటనే సంతకం పెట్టిన. తర్వాత చదివిన.

నన్ను ఒకటో తరగతిల చేర్చినవు.

వయసు దగ్గర ఆరు అని ఉన్నది. అరవై ఎనిమిది కదా అన్న. కంప్యూటర్ల ఒక్క అంకెకే జాగా ఉన్నదట. అది ఆరు దగ్గర ఆగిందట. లాగు మోకాళ్ల దాక కుట్టించినవు. పంచె మీదికెళ్లి వేసుకుంటున్న.

దూలయ్య నన్ను, టీచరమ్మను లోపలికి పోనిచ్చిండు. మొక్కు కాని గదిల పిల్లలు పోతే దోషమట. "నీకేం కాదు సీతయ్యా. ఏమన్న అయినా గుంపుకు నష్టం లేదు" అన్నడు.

టీచరమ్మ హాజరు పిలుస్తది. "సీతయ్య గారూ" అంటది. నేను లేచి నిలబడత. ఒకరి మొఖం ఒకరం చూసుకోం. బయటి టీచర్లు బస్సుల మీద వచ్చి గది చూసి పోతున్నరు. మొన్న తిరుమలాయపాలెం నుంచి వచ్చిండ్రు. ఎర్ర కుర్చీల నన్ను కూసోబెట్టి ఫోటో తీసిండ్రు. లేస్తుంటే కుర్చీ కూడ నాతోటి లేచింది. చప్పట్లు కొట్టిండ్రు.

అప్పుడే భవాని హోలీ సెలవుకు ఇంటికి వచ్చింది. ఉరుక్కుంట గడప దాక వచ్చింది. వాళ్లను తోలుకొచ్చిన పూల్‌సింగ్ చెయ్యి అడ్డం పెట్టిండు. "ఈ పాప పేరు ఈ బడిల లేదు. ఫోటోల పడితే లెక్క తప్పుతది" అన్నడు. మంచోడే. ఆయన డ్యూటీ. నేను, "రానీయండ్రి, నా మనవరాలు" అన్న. అవును, నోరు తెరిచి అన్న. అందరు వినేటట్టే అన్న. టీచరమ్మ కూడ లేచి నిలబడ్డది. ఆయన, "తరగతి నడుస్తుంటే విద్యార్థులు మాట్లాడొద్దు" అన్నడు.

దాన్ని మళ్ల ఈ బడిల వేయమని అడిగిన. ఏడు నడుమల పేరు మార్చరట. వచ్చే జూన్ల చూస్తమన్నరు. నేను లోపల, అది బయట. గంట కొట్టేదాక నిలబడ్డది.

నీ ఫైల్ అయ్యిందా? అయితే సంతోషం. అమ్మను అడిగినట్టు చెప్పు. నేను బడిల చేరిన సంగతి మాత్రం చెప్పకు.

ఉంట,
సీతయ్య, ఒకటో తరగతి

తా.క. హాస్టల్‌కు వాపస్ పోయేటప్పుడు బస్సు కిటికీల నుంచి భవాని నా చెయ్యి పట్టుకొని మెల్లగ చెప్పింది: "తాతా, మంచిగ చదువుకో. లేకపోతే నిన్ను కూడ హాస్టల్ల వేస్తరు."